అమ్మ పెట్టింది రొట్టె కాదట

మోచేతుల దాకా పిండిలో ఉన్నప్పుడు అతను ఒక కాగితం తెచ్చి నా కళ్ళకు ఎదురుగా గోడకు అంటించాడు.

"చేతులు ఖాళీ లేవుగా. చూసి చదువుకుంటూ కలుపు. ఆదివారం సభలో నువ్వు కూడా మాట్లాడుతున్నావు. రెండు నిమిషాలే. నేనే రాసిపెట్టాను."

మధ్యాహ్నం ఒంటిగంటయింది. కొట్టు వెనక గదిలో మర్నాటి రొట్టెలకు పిండి కలిపే వేళ. తల ఎత్తి చదివాను.

"నేను ఫ్యాక్టరీ బ్రెడ్డు తిని పెరిగాను. అది తిండి కాదని నాకు అప్పుడు తెలియదు. మా అమ్మ నాకు పెట్టింది రొట్టె కాదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చాకే నేను మొదటిసారి రొట్టె తిన్నాను."

మూడో వాక్యం దగ్గర నా చేతులు ఆగిపోయాయి. ఆగడం అతను చూశాడు. అతను చూడటం నేనూ చూశాను. వెంటనే మళ్ళీ పిసకడం మొదలుపెట్టాను.

"మీ అమ్మగారిని కూడా పిలిచాను," అన్నాడు. "ముందు వరసలో కుర్చీ వేయిస్తున్నాను. అల్లుడే స్వయంగా ఫోన్ చేసేసరికి ఎంత సంబరపడిపోయిందో పాపం. బట్టీ తలుపు సరిగ్గా వేసి రా," అని వెళ్ళిపోయాడు.

అతని తాత పెట్టిన కొట్టు అది. అరవై ఏళ్ళు నిండాయని గ్రంథాలయం హాల్లో సభ పెట్టాడు. బోర్డు మీద కొట్టు పేరుకంటే పెద్ద అక్షరాల్లో 'అసలు రొట్టె' అని ఉంటుంది. ఎవరైనా వచ్చి బ్రెడ్డు ఉందా అని అడిగితే, "బ్రెడ్డయితే పక్క వీధిలో ప్యాకెట్లో దొరుకుతుందండీ, మా దగ్గర రొట్టె మాత్రమే," అంటాడు నవ్వుతూ. వాళ్ళూ నవ్వుతారు. అతను బాగా మాట్లాడతాడు. గాజు జాడీ ఎత్తి, లోపల బుడగలు వేస్తున్న పులిపిండిని చూపిస్తాడు. "ఇందులో ఈస్టు లేదు, మందు లేదు. మా తాతగారు వట్టి పిండీ నీళ్ళూ కలిపి పులియబెట్టింది. రోజూ కొంత తీసి వాడతాం, అంత కొత్త పిండి కలుపుతాం. అరవై ఏళ్ళుగా దీన్ని బతికించుకుంటూ వస్తున్నాం," అంటాడు. బతికించుకుంటూ వస్తున్నాం అనేటప్పుడు నా వైపు చూడడు. ఎవరైనా నన్ను చూసి ఈవిడెవరు అని అడిగితే, "మా ఆవిడ. కాస్త చేతిసాయం చేస్తుంటుంది," అంటాడు. పొద్దున నాలుగు గంటలు, మధ్యాహ్నం నాలుగు గంటలు, తొమ్మిదేళ్ళుగా చేతిసాయం.

మా అమ్మ బ్రెడ్డు ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. ప్యాకింగ్ సెక్షన్. ముక్కలుగా కోసిన రొట్టె బెల్టు మీద వస్తుంటే, చివర ముక్కలు సరిచేసి కవర్లోకి తొయ్యాలి, మూతి బిగించాలి, మళ్ళీ ఇంకోటి. నాన్న లేడు. ఏడింటికి సైరన్. ఆరున్నరకి నాకు జడ వేసి, పాలు కాచి, నాలుగు ముక్కలు పెనం మీద వెచ్చబెట్టి, చక్కెర చల్లి ఇచ్చేది. వంకరగా కాలినవి, అంచు చితికినవి పనివాళ్ళు ఇంటికి పట్టుకుపోవచ్చు. అందుకే మా ఇంట్లో రొట్టెకి ఎప్పుడూ ఒక పక్క చదరంగా ఉండేది, ఇంకో పక్క ఎలా ఉంటుందో తెలిసేది కాదు. ఈ రోజు ఏనుగొచ్చింది, ఈ రోజు మేఘమొచ్చింది అంటూ నేను పేర్లు పెట్టేదాన్ని. అది గొప్ప తిండి అని నేను అనను. అందులో గాలెక్కువని అమ్మే అనేది. కానీ ఆ అరగంటలో ఒక ఒంటరి మనిషి ఒక పిల్లకు కడుపునిండా పెట్టగలిగింది అదొక్కటే.

పెళ్ళయిన మూడో నెలలో నాకు జ్వరం వస్తే అమ్మ చూడటానికి వచ్చింది. చేతిలో ఒక ప్యాకెట్ ఉంది. ఆ పూట అతని స్నేహితులు ఇద్దరు భోజనానికి వచ్చి ఉన్నారు. అతను ఆ ప్యాకెట్ విప్పి, ఒక ముక్క తీసి, గుప్పిట్లో నలిపి, ఉండ చేసి గోడకు విసిరాడు. అది అంటుకుపోయింది. "చూశారా? బంక! పుస్తకాలకు అట్టలు వేసుకోవచ్చు," అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. అత్తయ్య మాత్రం తల దించుకుని పళ్ళాలు తీసుకెళ్ళింది. ఆ ఉండని గోడమీద నుంచి గీకి తీసింది నేనే, జ్వరంతోనే.

అంత మాత్రానికే అతనంటే భయపడతారా అని ఎవరైనా అడగొచ్చు. అతను నన్ను ఎప్పుడూ కొట్టలేదు. గొంతు కూడా పెంచడు. పెంచితే బాగుండునని నేను అనుకున్న రోజులున్నాయి. అతనికి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. 'సరే' అంటాడు. ఆ 'సరే' తర్వాత ఏం వస్తుందో, ఎప్పుడు వస్తుందో తెలియదు.

రెండేళ్ళ కిందట కొట్టుకి వచ్చిన ఒకాయన, పిండి ఎన్ని గంటలు పులియబెడతారని అడిగాడు. పన్నెండు అన్నాడు అతను. వెనకనుంచి నేను, "పద్దెనిమిదండీ," అన్నాను. నోటి వెంట వచ్చేసింది. అతను నా వైపు తిరిగి, "సరే," అన్నాడు.

మర్నాడు పాపను తీసుకురావడానికి బడికి వెళ్తే టీచరు, "వాళ్ళ నాన్నగారు ఇందాకే తీసుకెళ్ళారుగా," అంది. పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. అతను ఒక్కడే ఉన్నాడు, కొట్టులో అద్దాలు తుడుస్తున్నాడు.

"పాపేదండీ?"

"క్షేమంగా ఉంది."

"ఎక్కడ?"

"క్షేమంగా ఉందన్నానుగా."

నాలుగు రోజులు. ఐదేళ్ళ పిల్ల. నేను పిండి కలిపాను, పళ్ళాలు కడిగాను, కొట్టుకి వచ్చినవాళ్ళతో నవ్వాను. మెట్ల మీద చప్పుడైన ప్రతిసారీ తలుపు దగ్గరికి పరుగెత్తేదాన్ని. ఐదో రోజు పాపను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. వేరే ఊళ్ళో స్నేహితుడి ఇంట్లో ఉంచాడట. దాని చేతిలో కొత్త బొమ్మ. "నీకు కాస్త విశ్రాంతిగా ఉంటుందని పంపించాను. ఏమిటలా అయిపోయావు?" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోతున్నట్టు. ఆ తర్వాత కొట్టులో ఎవరు ఏం అడిగినా నేను నోరు విప్పలేదు.

ఇప్పుడు ఇంకో సంగతి చెప్పాలి. ఏడేళ్ళుగా అతని దగ్గర దాచింది.

పాప పుట్టినప్పుడు కుట్లు చీముపట్టి ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండిపోయాను. అత్తయ్య తన చెల్లెలికి బాగోలేదని వెళ్ళి అక్కడే ఉంది. వెళ్ళేముందు అతనికి పదిసార్లు చెప్పిందట, జాడీలో రోజూ కాస్త పిండి కలుపు నాయనా అని. అతను కొట్టు మూసి, కూతురు పుట్టిందని ఊరంతా చెప్పుకుని తిరిగాడు. జాడీ సంగతి మరిచిపోయాడు. నేను బిడ్డను ఎత్తుకుని ఇంటికొచ్చి మూత తీస్తే లోపల నల్లటి బూజు, ముక్కు మూసుకునేంత కంపు. పులిపిండి చచ్చిపోయింది.

"పులిపిండి బాగుందా?" అని అడిగాడు పక్క గదిలోంచి.

"బాగుంది," అన్నాను.

మరిచిపోయింది అతను. భయపడింది నేను. ఇందులో ఏదో తేడా ఉందని తట్టడానికి కూడా అప్పుడు నాకు తీరిక లేదు. బాత్రూములో కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ షిఫ్టు దిగి నేరుగా వచ్చింది. బిడ్డకు చొక్కా తెచ్చానంటూ లోపలికొచ్చి, ఆ చొక్కా మడతలోంచి కాగితంలో చుట్టిన చిన్న ముద్ద తీసింది. ఫ్యాక్టరీ ఈస్టు. "కొత్త పిండిలో ఇది నలిపి వేసెయ్. రేపటికల్లా పొంగుతుంది. వాసన కాస్త తేడాగా ఉంటే పాత జాడీ కదా అనుకుంటారు. ఏడవకు, పచ్చి బాలింతవి," అంది. పొంగింది. అత్తయ్య తిరిగొచ్చి మూత తీసి, వాసన చూసి, నన్ను చూసి, "బాగానే ఉందిలే," అని మూత పెట్టేసింది.

అప్పట్నుంచీ అతను ఆ జాడీ ఎత్తి తాతగారి పేరు చెప్పిన ప్రతిసారీ నేను ఏదో పనున్నట్టు వెనక గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. ఆ ఈస్టు ఇంకా అందులో ఉందో, గాలిలోంచి వచ్చిన పులుపు దాన్ని ఎప్పుడో తినేసిందో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఊరంతా అసలు రొట్టె అని మెచ్చుకుని తినేది మాత్రం దానితో మొదలైందే.

సభకి ముందు వారమంతా అతను నాతో ఆ నాలుగు వాక్యాలూ అనిపించాడు. నేను పళ్ళాలు తుడుస్తుంటే అటు కూర్చుని వినేవాడు. "'మా అమ్మ' అన్నాక ఒక్క క్షణం ఆగు. ఆవిడ వైపు చూడు. అప్పుడు 'రొట్టె కాదు' అను. జనానికి తగలాలి కదా." నేను ఆగేదాన్ని, చూసేదాన్ని, అనేదాన్ని. "ఊఁ, ఇంకాస్త బాధగా," అనేవాడు.

శుక్రవారం పాప బూట్లు బాగుచేయించాలని చెప్పి అమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మ రెండు గదుల ఇంట్లో, ఆదివారానికి వేసుకోవాల్సిన బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. సంగతి చెప్పాను. ఇస్త్రీ పెట్టెని నిలబెట్టింది.

"రాకు అమ్మా. ఒంట్లో బాగోలేదని చెప్పెయ్," అన్నాను.

"రాకపోతే నువ్వే రావద్దన్నావంటాడు. వస్తాను. నువ్వు ఆ మాట అనెయ్ తల్లీ."

"ఎలా అనను?"

"నోటితో అను. నాకేం ఊడిపోతుంది? నేనేం పెట్టానో నాకు తెలుసు, తిన్నదానివి నీకు తెలుసు. రెండు నిమిషాలు నన్ను నాలుగు మాటలంటే నీ ఇల్లు నాలుగు నెలలు ప్రశాంతంగా ఉంటుందంటే, ఇంకో నాలుగు కలిపి అను." నవ్వబోయింది కానీ కుదరలేదు. ఇస్త్రీ మళ్ళీ మొదలుపెట్టింది. "పిల్ల జాగ్రత్త. నాకు దాని గురించే భయం," అంది, మడత మీదనుంచి కళ్ళెత్తకుండా.

ఆదివారం పొద్దున పదింటికి హాలు నిండింది. వేదిక మీద బల్ల, బల్ల మీద రెండు పళ్ళాలు. ఒకదాంట్లో మా రొట్టె, నిన్న నేను కలిపి, పొద్దున అతను బట్టీలోంచి తీసింది. ఇంకోదాంట్లో ప్యాకెట్ ముక్కలు. మధ్యలో జాడీ. అమ్మ ముందు వరసలో కూర్చుంది. "పాపని నీ పక్కనే కూర్చోబెట్టుకో, ఎవరు పిలిచినా పంపకు," అని చెప్పాను. ఎందుకు చెప్పానో అప్పటికి నాకే తెలియదు. అత్తయ్య రెండో వరసలో, వంగిపోయిన మణికట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా కంటే ముందు ముప్ఫై ఏళ్ళు పిండి పిసికిన చేతులవి.

అతను చాలా బాగా మాట్లాడాడు. బడుల్లో పిల్లలకు ఈ దూది పెడుతున్నారన్నాడు. మనిషి చెయ్యి తగలనిది రొట్టె ఎలా అవుతుందన్నాడు. ఆ చెయ్యి ఎవరిదో చెప్పలేదు. తర్వాత తెల్ల ముక్క ఒకటి తీసి గుప్పిట్లో నలిపాడు, ఉండ చేసి జనానికి చూపించాడు. చప్పట్లు, నవ్వులు. పాప నవ్వలేదు, అమ్మమ్మ మొహంలోకి చూసింది. అమ్మ నవ్వుతోంది. పళ్ళు కనబడకుండా, పెదాలు బిగించి.

"ఇక మా ఆవిడ రెండు మాటలు చెబుతుంది. తనకి అనుభవం ఉంది," అన్నాడు.

వేదిక మెట్లు మూడే. ఎక్కాను. కాగితం రెండు చేతులతో పట్టుకున్నాను. అది అక్కర్లేదు, అంతా నోటికి వచ్చు.

"నేను ఫ్యాక్టరీ బ్రెడ్డు తిని పెరిగాను," అన్నాను. "అది తిండి కాదని నాకు అప్పుడు తెలియదు. మా అమ్మ..."

ఆగాను. ఆగమన్నచోటే ఆగాను. అమ్మ వైపు చూశాను. అమ్మ తల ఊపుతోంది, అను పర్లేదు అని. చిన్నప్పుడు సూది మందు వేయించేటప్పుడు అలాగే ఊపేది. తన మీద పడబోయే దెబ్బకి నాకు ధైర్యం చెబుతోంది మా అమ్మ.

"మా అమ్మ నాకు పెట్టింది రొట్టే," అన్నాను.

ఒక్క దీర్ఘం చేరింది, 'కాదు' పోయింది. అంతే తేడా. వెనక వరసల వాళ్ళకు తేడా తెలిసినట్టు లేదు, ఎవరో చప్పట్లు కూడా కొట్టబోయారు. అతనికి తెలిసింది. కుర్చీలోంచి లేవడం కంటి కొసనుంచి కనబడింది. అతను వచ్చేలోగా మిగతాది అనెయ్యాలి, లేకపోతే ఈ జన్మలో అనలేను.

"రోజుకి కొన్ని వేల రొట్టెలు మా అమ్మ చేతుల మీదుగా వెళ్ళాయి. చెయ్యి తగల్లేదని ఎవరన్నారు? ఈ పళ్ళెంలోది కలిపింది నేను. మా ఇద్దరి చేతులూ ఎవరికీ కనబడవు, అంతే. ఆ జాడీలోది తాతగారిది కాదు. ఆయనది ఏడేళ్ళ కిందటే చచ్చిపోయింది. భయపడి చెప్పలేదు. మా అమ్మ తెచ్చిన ఫ్యాక్టరీ ఈస్టుతో మళ్ళీ బతికించాను. మీరు అందరూ ఏడేళ్ళుగా తింటున్నది అదే."

అతను మైకు తీసేసుకున్నాడు. నవ్వుతున్నాడు. "స్టేజీ ఎక్కితే మా ఆవిడకి కంగారు. ఏదేదో కలిపేసింది. అరవై ఏళ్ళుగా మా తాతగారి..."

"కలపలేదురా."

సన్నటి గొంతు. రెండో వరసలో అత్తయ్య లేచి నిలబడి ఉంది. ఆవిడ నలుగురిలో నోరెత్తడం నేను ఎన్నడూ వినలేదు. ముందు కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"అబద్ధం చెప్పలేదు ఆ పిల్ల. నా చేతిలో కూడా రెండుసార్లు చచ్చింది. ఒకసారి నువ్వు పుట్టినప్పుడు. మీ నాన్నకి చెప్పే ధైర్యం లేక కొత్తది పెట్టాను." కాసేపు ఆలోచించి, "మా అత్తగారు ఎన్నిసార్లు పెట్టిందో మరి," అంది. కూర్చుంది.

నేను మెట్లు దిగాను. అమ్మా పాపా లేచి నాతో వచ్చారు. గుమ్మం దగ్గర అతను పక్కకి వచ్చి, నాకు మాత్రమే వినిపించేలా అన్నాడు, "పాపని తీసుకుని కారెక్కు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

ఆ నాలుగు రోజులు గుర్తొచ్చాయి. పాప ఒక చెయ్యి అమ్మ చేతిలో ఉంది. రెండోది నేను పట్టుకున్నాను. "మేం అమ్మ వాళ్ళింటికి వెళ్తున్నాం," అన్నాను. చుట్టూ జనం చూస్తున్నారు. అతను వాళ్ళకోసం నవ్వి, "సరే," అన్నాడు.

బస్సులో ఇల్లు చేరేదాకా వెనక అద్దంలోంచి కారు వస్తోందేమోనని చూస్తూనే ఉన్నాను.

సోమవారం బడికి వెళ్ళి, నాకు తప్ప ఇంకెవరికీ పాపను పంపొద్దని కాగితం మీద రాసిచ్చాను. టీచరు ఇబ్బందిగా చూసి, "తండ్రి కదండీ, వస్తే ఎలా ఆపుతాం?" అంది. అందుకని బడి మూడున్నరకి విడిచిపెడితే నేను ఒంటిగంటకే వెళ్ళి గేటు దగ్గర నిలబడుతున్నాను. ఆ వీధిలోకి ఏ కారు తిరిగినా నంబరు చూస్తాను. ధైర్యం చేశావు అని నిన్న ఎవరో అన్నారు. ధైర్యం అంటే ఇలా ఉంటుందని నాకు తెలియదు. ఇదివరకు భయపడుతూ ఆ ఇంట్లో ఉండేదాన్ని, ఇప్పుడు భయపడుతూ ఎండలో నిలబడుతున్నాను.

బుధవారం గేటు దగ్గర ఉండగా ఫోను మోగింది. అతనే. ఎత్తకపోతే వచ్చేస్తాడేమోనని ఎత్తాను.

ఎప్పటిలాగే తగ్గించిన గొంతుతో, "జాడీలో పిండి కిందికి దిగిపోయింది," అన్నాడు. "పైన నీళ్ళు తేలాయి. ఏదో వాసన వస్తోంది. ఎంత పిండి వెయ్యాలి? నీళ్ళెన్ని పొయ్యాలి?"

తొమ్మిదేళ్ళలో అతను నన్ను పని తెలియక అడిగిన మొదటి ప్రశ్న అది. పైన తేలిన నీళ్ళు వంపేసి, సగం పిండి తీసేసి, తీసినంత కొత్తది కలిపి, నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పెయ్, చెబితే శాంతిస్తాడు, పాప జోలికి రాడు అని భయం నా చెవిలోనే అంటోంది.

"అత్తయ్యగారిని అడగండి," అన్నాను.

"అడిగాను. చెప్పనంటోంది."

గేటు ఊచల్లోంచి బడి వరండాలోకి చూశాను.

"బడి గంట కొట్టే వేళయింది. ఉంటాను," అన్నాను.